మెండోసా నుంచి శాంటియాగోకు బస్సు: 360 కిలోమీటర్లకు రోజంతా ఎందుకు పడుతుంది?

అర్జెంటీనాలోని మెండోసా నగరానికీ చిలీ రాజధాని శాంటియాగోకూ మధ్య పటం మీద నేరుగా గీత గీస్తే దూరం 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రోడ్డు మీద అది సుమారు 360 కిలోమీటర్లవుతుంది. ప్రయాణానికి ఏడెనిమిది గంటలు పడుతుందని బస్సు కంపెనీలు చెబుతాయి. సెలవుల రోజుల్లో అది పది పన్నెండు గంటలకు చేరడం మామూలే. చలికాలంలోనైతే బస్సు అసలు బయలుదేరకపోవచ్చు, సగం దూరం వెళ్లి వెనక్కి తిరగనూవచ్చు. ఈ ఆలస్యానికంతటికీ సరిహద్దు ఉద్యోగుల అలసత్వమే కారణమని క్యూలో నిలబడ్డవారు విసుక్కుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు గానీ, అసలు కారణాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. కొండ ఆకృతి ఒకటి, పసిఫిక్ మీదుగా వచ్చే గాలులు ఒకటి, 1881 నాటి ఒప్పందం ఒకటి, చిలీ పండ్ల తోటలు మరొకటి, బస్సుల పర్మిట్లు ఇంకొకటి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ విషయాలన్నీ ఆండీస్ శిఖరాల దగ్గర ఒకే తనిఖీ ప్రాంగణంలో వచ్చి కలుస్తాయి. వీటిని విడదీసి చూస్తేనే ఆ నిరీక్షణలో ఏ భాగం అవసరమైనదో, ఏ భాగం తగ్గించదగినదో అర్థమవుతుంది.

ముందుగా కొండ సంగతి. మెండోసా సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 7వ నంబరు జాతీయ రహదారి మెండోసా నది లోయను పట్టుకుని పడమరగా, ఎగువకు సాగుతుంది. పోత్రెరియోస్ జలాశయం, పోప్లార్ చెట్ల మధ్య ఉన్న ఉస్పయాతా, ఆ తర్వాత చెట్టన్నది కనిపించని ఎర్రటి, బూడిదరంగు లోయలు, పుంతా దె వాకాస్, పుయెంతె దెల్ ఇంకా, చివరగా లాస్ క్వేవాస్ అనే చిన్న ఊరు. ఇలా దాదాపు 200 కిలోమీటర్ల పొడవునా రోడ్డు నిదానంగా ఎక్కుతూ 3,200 మీటర్ల ఎత్తున ఉన్న క్రిస్తో రెదెంతోర్ సొరంగం ముఖద్వారానికి చేరుతుంది. ఆసియా ఖండం బయట ఉన్న పర్వతాలన్నింటిలోకీ ఎత్తయిన అకొంకాగువా, 6,961 మీటర్లది, పుయెంతె దెల్ ఇంకా దాటగానే ఓర్కోనెస్ దగ్గర కుడివైపు లోయ చివర కొద్ది క్షణాల పాటు కనిపించి మాయమవుతుంది.

చిలీ వైపు ఇంత నిదానం లేదు. సొరంగం నుంచి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న లాస్ ఆందెస్ పట్టణానికి 70 కిలోమీటర్లకు మించదు. అంటే అటు 200 కిలోమీటర్లలో ఎక్కిన ఎత్తును ఇటు మూడో వంతు దూరంలో దిగాలి. ఆ దిగుడులో అత్యంత కఠినమైన భాగం కారకోలెస్ ఘాట్. ఒకదాని కింద ఒకటిగా దాదాపు ముప్పై మలుపులు ఒకే కొండవాలు మీద మడతలు పడి ఉంటాయి. పై మలుపులో ఉన్నప్పుడు కింది మలుపుల్లో లారీలు ఒకదాని వెనక ఒకటి పాకుతూ కనిపిస్తాయి. రెండంతస్తుల బస్సు అక్కడ దిగడం చూడవలసిన విషయం. మలుపు దగ్గర డ్రైవరు ముందుగా ఆగి, కింది నుంచి వచ్చే లారీ తన పొడవంతా మలుపు దాటేవరకు చోటిస్తాడు. ఆ తర్వాత బస్సును బయటి అంచు దాకా తీసుకెళ్లి, స్టీరింగును పూర్తిగా తిప్పి, మనిషి నడిచే వేగంతో లోపలికి మళ్లిస్తాడు. ముందు చక్రాలకన్నా ముందుకు పొడుచుకుని ఉన్న పై అంతస్తు తొలి వరుసలో కూర్చున్నవారికి ఆ క్షణంలో అద్దం కింద రోడ్డు కనబడదు, లోయే కనబడుతుంది. ఈ కొద్ది కిలోమీటర్లలో వేగం పెంచే ఉపాయం ఏ కంపెనీ దగ్గరా లేదు, ఉండకూడదు కూడా.

రెండో కారణం మంచు. దీనిలో మెండోసా వైపు నుంచి వచ్చే ప్రయాణికులను తికమకపెట్టే విషయం ఒకటుంది. మధ్య చిలీలో వాన ప్రధానంగా మే నుంచి సెప్టెంబరు దాకా, అంటే అక్కడి చలికాలంలో కురుస్తుంది. పసిఫిక్ సముద్రం మీదుగా పడమటి గాలులు తెచ్చే తేమ ఆండీస్‌ను ఢీకొని పైకి లేచి, శిఖరాల మీద మంచుగా పడుతుంది. శిఖరాలు దాటి తూర్పుకు వచ్చేసరికి ఆ గాలిలో తేమ మిగలదు. అందుకే మెండోసాలో ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురం వర్షపాతంలో సగం కూడా కాదు. అక్కడి ద్రాక్షతోటలు వాన మీద కాక, ఆండీస్ మంచు కరిగి వచ్చే కాలువ నీళ్ల మీద బతుకుతాయి. ఈ కారణం వల్లనే మెండోసా బస్టాండులో నీలాకాశం కింద ఎండ కాస్తుండగా, కనుమ మూసివేశారనే కబురు వస్తుంది. ప్రయాణికులు ఆకాశం వంక చూసి నమ్మరు. కానీ 200 కిలోమీటర్ల అవతల మంచు కురుస్తుండవచ్చు, లేదా కురవడం ఆగిపోయినా, నేలమీది మంచును గాలి లేపి కళ్ల ముందు ఏమీ కనబడకుండా చేస్తుండవచ్చు. మంచు తీసే యంత్రాలు రోడ్డును శుభ్రం చేసినా, పైవాలు నుంచి హిమపాతం జారే ప్రమాదం తొలగేవరకు దారి తెరవరు. ఏ ఒక్క దేశం మూసినా దారి మూసుకున్నట్టే కనుక రెండు వైపుల అధికారులూ మాట్లాడుకుని నిర్ణయం తీసుకుంటారు. చలికాలంలో మంచు లేని రోజున కూడా రాత్రి వేళల్లో కనుమను మూసి ఉంచడం రివాజు. వేసవిలోనూ పూర్తి భరోసా లేదు. ఉరుములతో హఠాత్తుగా కురిసే వానకు ఉస్పయాతా ఎగువ లోయల్లో బురద, రాళ్లు కొట్టుకొచ్చి రోడ్డును కప్పేసిన సందర్భాలు ఉన్నాయి.

ఇంత కష్టమైన చోటే దారి ఎందుకు పడింది? రెండు దేశాల జనం, వాణిజ్యం ఈ అక్షాంశం దగ్గరే ఎక్కువగా ఉండడం దానికి మూలకారణం. స్పానిష్ పాలనలోనే ఇది తపాలా మార్గం. పద్దెనిమిదో శతాబ్దంలో, ఐర్లండ్‌లో పుట్టి స్పెయిన్ కొలువులో చేరిన అంబ్రోసియో ఓ హిగ్గిన్స్, చలికాలంలో ఉత్తరాలు మోసేవారు తుపాను వేళ తలదాచుకోవడానికి ఈ దారి పొడవునా ఇటుక గదులు కట్టించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆయన కొడుకు బెర్నార్దో చిలీ స్వాతంత్ర్య నాయకుడయ్యాడు. 1817లో హోసె దె సాన్ మార్తిన్ సైన్యం చిలీని విడిపించడానికి ఆండీస్ దాటినప్పుడు లాస్ ఎరాస్ నాయకత్వంలోని దళం ఉస్పయాతా దారినే వచ్చింది. చిలీ వైపు తనిఖీ ప్రాంగణానికి లాస్ లిబెర్తాదోరెస్, అంటే విమోచకులు అనే పేరు ఆ జ్ఞాపకంతోనే పెట్టారు.

1910లో మెండోసా, లాస్ ఆందెస్ పట్టణాలను కలుపుతూ ఆండీస్ మీదుగా రైలు మార్గం మొదలైంది. నిట్టనిలువు వాలుల్లో ఇంజను జారిపోకుండా పట్టాల మధ్య పళ్లచట్రం అమర్చారు. 1934లో ఎగువన హిమానీనదం అడ్డుపడి ఏర్పడిన సరస్సు తెగి వరద మీద పడడంతో అర్జెంటీనా వైపు లైను ధ్వంసమై ఏళ్లపాటు నిలిచిపోయింది. తర్వాత పునరుద్ధరించినా, రోడ్డు పోటీకి తట్టుకోలేక 1984లో అది పూర్తిగా ఆగిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1980లో, మూడు కిలోమీటర్ల పొడవైన క్రిస్తో రెదెంతోర్ రోడ్డు సొరంగం తెరుచుకుంది. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇవాళ్టి ఇరుకుకు మూలం కనిపిస్తుంది. బ్రెజిల్, అర్జెంటీనాల నుంచి చిలీకీ, చిలీ రేవులకూ వెళ్లే సరుకు, ప్రయాణికులు, విహారానికి వెళ్లే కార్లు అన్నీ పోను ఒకటి రాను ఒకటి ఉన్న ఒకే సొరంగం మీద పడ్డాయి. రైలు ఉండి ఉంటే కనీసం సరుకులో కొంత భాగమైనా పట్టాల మీదికి వెళ్లేది. ఆ రైలును వదులుకోవడం రెండు దేశాలూ చేసిన పెద్ద తప్పిదమని నా అభిప్రాయం.

సరిహద్దు గీత సొరంగం మధ్యలో ఉంది. ఆ గీత అక్కడే ఎందుకుందో 1881 ఒప్పందం చెబుతుంది. నీళ్లను అటూ ఇటూ విడదీసే ఎత్తయిన శిఖరాల వెంట సరిహద్దు సాగాలని ఆనాడు రెండు దేశాలూ రాసుకున్నాయి. ఈ కనుమ దగ్గర ఆ సూత్రానికి ఇబ్బంది లేదు. ఎత్తయిన వరుసా, నీటి విభజన రేఖా ఇక్కడ ఒకటే. దక్షిణాన పటగోనియాలో మాత్రం నదులు పెద్ద శిఖరాల వరుసను కోసుకుని పడమరకు పారతాయి; శిఖరాలను లెక్కలోకి తీసుకుంటే అర్జెంటీనాకు లాభం, నీటి విభజనను తీసుకుంటే చిలీకి లాభం. ఈ చిక్కు రెండు దేశాలను యుద్ధం అంచు దాకా తీసుకెళ్లింది. చివరకు 1902లో బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ మధ్యవర్తిగా ఇచ్చిన తీర్పును ఇద్దరూ అంగీకరించారు. ఆ శాంతికి గుర్తుగా 1904లో సొరంగానికి పైన, పాత కనుమ శిఖరం మీద, 3,800 మీటర్లకు పైబడిన ఎత్తులో క్రీస్తు విగ్రహం ప్రతిష్ఠించారు. సొరంగానికి పేరు ఆ విగ్రహం నుంచే వచ్చింది. బస్సులో వెళ్లేవారికి అది కనబడదు. పాత మట్టి రోడ్డు మీద వేసవిలో మాత్రమే అక్కడికి వెళ్లవచ్చు. 1978లో దక్షిణ కొసన బీగిల్ జలసంధి దీవుల విషయంలో మళ్లీ యుద్ధం దాకా వచ్చి, పోప్ రెండవ జాన్ పాల్ పంపిన కార్డినల్ సమోరె మధ్యవర్తిత్వంతో ఆగింది. 1984లో శాంతి ఒప్పందం కుదిరింది. అంటే ఈ సొరంగం తెరిచిన నాటికి ఆ తగాదా ఇంకా తెగనే లేదు. ఇవాళ బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న అర్జెంటీనా, చిలీ ప్రయాణికులు జేబులోని గుర్తింపు కార్డుతో సరిహద్దు దాటుతున్నారంటే, అది దశాబ్దాల పాటు ఓపికగా సాధించుకున్న విషయం.

ఇక తనిఖీ. మామూలుగా సరిహద్దు దగ్గర ఒక దేశం నుంచి బయటపడడానికి ఒకచోట, రెండో దేశంలో ప్రవేశించడానికి ఇంకోచోట ఆగాలి. ఇక్కడ ఆ రెండింటినీ కలిపేశారు. చిలీకి వెళ్లేవారికి రెండు పనులూ చిలీ గడ్డ మీద, సొరంగం దాటిన కొద్ది దూరంలో లాస్ లిబెర్తాదోరెస్ ప్రాంగణంలో జరుగుతాయి; అర్జెంటీనాకు వెళ్లేవారికి రెండూ అర్జెంటీనా గడ్డ మీద ఓర్కోనెస్‌లో జరుగుతాయి. అందువల్ల మెండోసా నుంచి వచ్చిన ప్రయాణికుడి నిష్క్రమణను అర్జెంటీనా అధికారి చిలీ భూభాగంలో కూర్చుని నమోదు చేస్తాడు. పక్క కిటికీలో చిలీ అధికారి ప్రవేశం నమోదు చేస్తాడు. ముందుగా విడిచి వచ్చిన దేశం పని, తర్వాత చేరబోయే దేశం పని జరగాలన్నది నియమం. చిలీ అనుమతి నిరాకరిస్తే మొదటి నమోదు రద్దయి, ఆ మనిషి వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. లారీల సరుకు తనిఖీని కొండల మీద కాకుండా కింద లాస్ ఆందెస్ పట్టణం దగ్గరి ప్రత్యేక ప్రాంగణానికి తరలించారు గనుక బస్సులు లారీల క్యూలో చిక్కుకోవు. అయినా సొరంగంలోనూ కారకోలెస్‌లోనూ రోడ్డు మాత్రం అందరికీ ఒకటే.

ఇలా కలపడం వల్ల ఒక ఆగుదల తగ్గింది, కానీ ఉన్న ఒక్క ఆగుదల మీద భారం రెట్టింపయింది. పైగా బస్సుకు కారుకు లేని ఇబ్బంది ఒకటుంది. నలభై మంది ప్రయాణికుల్లో ఆఖరి మనిషి పని పూర్తయ్యేవరకు బస్సు కదలదు. ఒక పిల్లవాడు తల్లితో మాత్రమే వస్తూ, తండ్రి సమ్మతి పత్రం సరిగా లేకపోయినా, ఒకరి పాస్‌పోర్టులో పాత ప్రవేశం నమోదు కాకపోయినా, మిగిలినవారంతా చలిలో నిలబడాలి.

ఎక్కువ సమయం పట్టేది మాత్రం పాస్‌పోర్టు కిటికీ దగ్గర కాదు, వ్యవసాయ తనిఖీ దగ్గర. చిలీ వ్యవసాయ, పశు సంరక్షణ సేవా సంస్థను అక్కడ అందరూ సాగ్ అంటారు. ప్రతి ప్రయాణికుడూ తన దగ్గర మొక్కల, జంతువుల ఉత్పత్తులు ఉన్నాయో లేవో రాతపూర్వకంగా ప్రకటించాలి. బస్సు పొట్టలోని సామానంతా దింపుతారు. పెట్టెలు ఎక్స్‌రే యంత్రంలోంచి వెళతాయి. చేతి సంచులు బల్ల మీద వరుసగా పెట్టించి, వాటి పక్క నుంచి శిక్షణ పొందిన కుక్కను నడిపిస్తారు. అది ఒక సంచి దగ్గర ఆగి కూర్చుందంటే ఆ సంచి విప్పాలి; లోపల బయటపడేది చాలాసార్లు మెండోసాలో పొద్దున కొని మరచిపోయిన ఒక ఆపిల్ పండో, హామ్ పెట్టిన రొట్టెముక్కో అయి ఉంటుంది.

ఒక్క ఆపిల్ కోసం ఇంత హడావిడి ఏమిటన్న ప్రశ్న రావడం సహజం. మధ్యధరా పండుఈగ తన గుడ్లను పండు లోపల పెడుతుంది. పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల పురుగు ఎదుగుతూ ఉంటుంది. చిలీ 1995లో తన భూభాగమంతా ఈ ఈగ లేనిదని ప్రకటించుకుంది. చైనాకు, అమెరికాకు చెర్రీలు, ద్రాక్ష, ఇతర పండ్లు భారీగా ఎగుమతి చేసే దేశం అది. ఆ ఈగ ఒక తోటలో దొరికితే చుట్టుపక్కల ప్రాంతమంతటినీ దిగ్బంధంలో పెట్టవలసి వస్తుంది, కొనే దేశాలు అదనపు షరతులు పెడతాయి, దెబ్బ మొదట తగిలేది కోతల కూలీలకూ చిన్న రైతులకూ. మాంసం, పాల పదార్థాల మీద ఆంక్షలకు గాలికుంటు వ్యాధి భయం కారణం. టీకాలు వేయకుండానే పశువులు ఆ వ్యాధికి దూరంగా ఉన్నాయన్న హోదాను చిలీ కాపాడుకుంటోంది. తూర్పున ఆండీస్, ఉత్తరాన అటకామా ఎడారి, పడమర సముద్రం చిలీకి సహజమైన కోటగోడలు. ఆ గోడకున్న పెద్ద ద్వారం ఈ కనుమ. అందుకే మొత్తం నిరీక్షణలో నేను మనసారా సమర్థించే భాగం ఇదే. ఇది చిలీ ఒక్కదాని పట్టుదల అనుకోవడమూ సరికాదు. బ్యూనస్ ఐరెస్ నుంచి మెండోసా రాష్ట్రంలోకి వచ్చే బస్సును దెసాగ్వాదెరో దగ్గర ఆపి పండ్లు తీయిస్తారు. అది అర్జెంటీనా లోపలి సరిహద్దే అయినా మెండోసా తోటలకు కూడా అదే ఈగ భయం.

మన తెలుగు ప్రయాణికులు ప్రత్యేకంగా గమనించవలసింది ఇక్కడే ఉంది. దూర ప్రయాణానికి మనం మూటగట్టుకునే వాటిలో కరివేపాకు, పోపు దినుసులు, నువ్వులు, పప్పులు, నెయ్యి, తేనె, ఇంటి పచ్చళ్లు తప్పకుండా ఉంటాయి. వీటిలో కొన్నింటిని అనుమతించవచ్చు, కొన్నింటిని తీసుకోవచ్చు. ఆ నిర్ణయం అధికారిది. ప్రకటన పత్రంలో ఉన్నాయని రాస్తే, పనికిరాని వస్తువును తీసి పారేయడంతో విషయం ముగుస్తుంది. లేవని రాసి దొరికితే జరిమానా తప్పదు. వస్తువు కన్నా అబద్ధపు ప్రకటననే అక్కడ పెద్ద నేరంగా చూస్తారు. ఆవకాయ జాడీ గురించి సందేహం ఉన్నా ఉందనే రాయడం అన్ని విధాలా మేలు.

బస్సు ఎక్కడ ఆగాలి, ఎవరిని ఎక్కించుకోవాలి అన్నదానికి కూడా ఒక అంతర్జాతీయ ఒప్పందమే ఆధారం. అర్జెంటీనా, బొలీవియా, బ్రెజిల్, చిలీ, పరాగ్వే, పెరూ, ఉరుగ్వే దేశాలు 1990లో భూమార్గ రవాణా ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం బస్సు కంపెనీ ముందుగా తన దేశంలో పర్మిట్ తీసుకుని, దాని ఆధారంగా రెండో దేశంలో అనుబంధ పర్మిట్ పొందాలి. పరాయి దేశం లోపల ఒక ఊళ్లో ఎక్కినవారిని అదే దేశంలోని ఇంకో ఊళ్లో దింపడానికి వీల్లేదు. అందుకే అర్జెంటీనా బస్సు లాస్ ఆందెస్‌లో ఖాళీ సీట్లతో ఆగినా, అక్కడ శాంటియాగోకు వెళ్లాలని చెయ్యి ఎత్తినవారిని ఎక్కించుకోదు. టికెట్ కొనేటప్పుడే పాస్‌పోర్టు నంబరు అడగడానికీ కారణం ఉంది. డ్రైవరు చేతిలోని ప్రయాణికుల జాబితాయే సరిహద్దు దగ్గర బస్సుకు ఆధారపత్రం. ఆ జాబితాకూ బస్సులోని మనుషులకూ తేడా రాకూడదు.

క్యూ పొడవును నిర్ణయించే ఇంకో శక్తి డబ్బు విలువ. అర్జెంటీనా పెసో పడిపోయినప్పుడు చిలీవారు మెండోసాకు వెళ్లి తిని, తాగి, కొనుక్కుని వస్తారు. అది బలపడినప్పుడు ప్రవాహం తిరగబడుతుంది. 2024 చివరి నుంచి అర్జెంటీనా కుటుంబాలు బట్టలకూ ఫోన్లకూ శాంటియాగో మాల్స్‌కు బారులు తీరాయి. రద్దీ ఏ దిక్కున ఉందో తెలిస్తే బస్సు ఆలస్యాన్ని కొంతవరకు ముందే ఊహించవచ్చు. పొడవైన వారాంతాలు, జనవరి, ఫిబ్రవరి సెలవులు ఏ దిక్కుకైనా కష్టమే.

దారి మూసినప్పుడు వేరే కనుమలు లేవా అంటే, ఉన్నాయి. అయితే 5,300 కిలోమీటర్ల సరిహద్దులో అవి చాలా దూరదూరంగా ఉన్నాయి. కొంచెం దక్షిణాన ఉన్న పెవెంచె కనుమ సుమారు 2,550 మీటర్ల ఎత్తుదే గానీ అదీ మంచుకు మూసుకుంటుంది. ఉత్తరాన ఉన్న ఆగ్వా నెగ్రా 4,700 మీటర్లు దాటిన కనుమ, వేసవిలోనే తెరుస్తారు. దాని కింద సుమారు 14 కిలోమీటర్ల సొరంగం తవ్వాలని రెండు దేశాలూ అనుకున్నా పని మొదలుకాలేదు. నమ్మకంగా నడిచేది బరిలోచె దగ్గరి కార్డినల్ సమోరె కనుమ, ఎత్తు 1,300 మీటర్ల పైచిలుకు. 1978లో యుద్ధాన్ని ఆపిన ఆ కార్డినల్ పేరే దానికి పెట్టారు. కానీ మెండోసా నుంచి అక్కడికి వెళ్లడమే ఇంకొక పెద్ద ప్రయాణం. అందుకే మూసివేత వారం దాటినప్పుడు ఉస్పయాతాలోనూ మెండోసా శివార్లలోనూ లారీలు వందల్లో, ఒక్కోసారి వేలల్లో నిలిచిపోతాయి. డ్రైవర్లు క్యాబిన్లలోనే వండుకుని, పడుకుని, దారి తెరిచే కబురు కోసం ఎదురుచూస్తారు. బస్సు ప్రయాణికుడికి టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది. ఆ డ్రైవర్ల రోజులు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వరు.

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారు వీసా విషయాన్ని రెండు దేశాలకు వేర్వేరుగా చూసుకోవాలి. అమెరికా వీసా ఉన్నవారికి రెండు దేశాలూ సడలింపులు ఇచ్చాయి గానీ, వాటి షరతులు ఒకటి కావు, ఎప్పుడూ ఒకేలా ఉండవు. శాంటియాగోలో విమానం దిగి, మెండోసా చూసి, మళ్లీ శాంటియాగోకు తిరిగి రావాలనుకునేవారి చిలీ వీసా ఒక్కసారి ప్రవేశానికే పరిమితమైతే వారు తిరుగు ప్రయాణంలో లాస్ లిబెర్తాదోరెస్ దగ్గర ఆగిపోతారు. గడియారం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వేసవిలో రెండు దేశాల సమయం ఒకటే. చలికాలంలో చిలీ గంట వెనక ఉంటుంది. అదే రోజు శాంటియాగోలో విమానం ఎక్కే ఏర్పాటు ఏ కాలంలోనూ మంచిది కాదు. కారకోలెస్‌నూ అకొంకాగువానూ చూడాలంటే పగటి బస్సులో, పై అంతస్తులో, శాంటియాగో దిశగా అయితే కుడివైపు సీటు తీసుకోవాలి.

ఇప్పుడున్న సొరంగానికి సమాంతరంగా పాత రైలు సొరంగం ఇంకా ఉంది. దాన్ని వెడల్పు చేసి, ఒక్కో సొరంగాన్ని ఒక్కో దిశకు కేటాయించాలన్న పథకం చాలాకాలంగా రెండు ప్రభుత్వాల ముందు ఉంది. అది పూర్తయితే సొరంగం దగ్గరి ఇరుకు తీరుతుంది. పండుఈగ తనిఖీ తగ్గదు, తగ్గకూడదు. పడమటి గాలులూ ఆగవు. ప్రాంగణంలోని క్యూను మాత్రం తగ్గించవచ్చు. కుక్కలూ ఎక్స్‌రే యంత్రాలూ పెంచడం, బస్సు బయలుదేరేముందే ప్రకటన పత్రాలు నింపించి జాబితాలు సరిచూడడం, కనుమ మూసిన రోజున బస్టాండులో కూర్చున్నవారికి గంటగంటకూ నిజమైన సమాచారం చెప్పడం, వీటికి కొత్త సొరంగం అక్కర్లేదు.